నల్లబల్ల పక్కన 75 అంగుళాల ప్యానెల్: ఏడాది వాడాక

మా క్లాసులో ఇంటరాక్టివ్ ప్యానెల్, అంటే వేలితో తాకి రాయగలిగే పెద్ద తెర, బిగించి ఏడాదైంది. నేను తొమ్మిది, పది తరగతులకి లెక్కలు చెబుతాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఇక్కడ చెప్పేవి చాలావరకు ఈ రకం ప్యానెళ్లన్నిటికీ వర్తిస్తాయి. బిగించడానికి వచ్చినవాళ్లు "నల్లబల్ల తీసేయమంటారా సార్?" అని అడిగారు. వద్దన్నాను. ఏడాది మొత్తంలో నేను చేసిన తెలివైన పని అదే.

75 అంగుళాలంటే మూల నుంచి మూలకి కొలిచిన లెక్క. రాసుకోవడానికి దొరికేది సుమారు 166 సెంటీమీటర్ల వెడల్పు, 93 ఎత్తు. చివరి బెంచీకి కనబడేంత పెద్దగా రాస్తే ఒక సిద్ధాంతం నిరూపణ ఇందులో సగమే పడుతుంది. పేజీ జరిపితే పటం పైకి పోతుంది. "సార్, ఇచ్చిందేంటో మళ్లీ చూపించండి" అని ఒకరు, "ఆగండి సార్, ఇంకా రాసుకోలేదు" అని ఇంకొకరు. వారం తిరక్కుండానే పని పంచేశాను. నిరూపణ బల్ల మీద, పటం ప్యానెల్ మీద.

పటాల దగ్గర మాత్రం దీనికి దణ్ణం పెట్టాలి. పటాలు, గ్రాఫులు గీసే జియోజీబ్రా అనే సాఫ్ట్‌వేర్ ఉంది, క్లాసులో వాడుకోవడానికి ఉచితం. 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో మార్కుస్ హోహెన్‌వార్టర్ చదువుకుంటూ మొదలుపెట్టింది. ప్యానెల్ కొనమని చెప్పడానికి నాకున్న కారణాల్లో ముప్పాతిక వంతు ఇదే. అర్ధవృత్తంలోని కోణం లంబకోణం అని ఇన్నేళ్లూ బల్ల మీద మూడు బొమ్మలు గీసి చెప్పేవాణ్ణి. చేత్తో గీసిన నా వృత్తం కోడిగుడ్డులా వచ్చేది. పిల్లలు నమ్మేవాళ్లు, సార్ చెప్పారు కాబట్టి. ఇప్పుడు ఒకడొచ్చి వృత్తం మీది బిందువుని వేలితో లాగుతుంటే పక్కన 90 అలాగే ఉంటుంది. మొన్న ఒకడు అంతటితో ఆగలేదు. లాగి లాగి బిందువుని వ్యాసం దాటించి కింది సగంలోకి దించాడు. 90 కాస్తా 270 అయింది. సిద్ధాంతం కూలిపోయినట్టు క్లాసంతా ఒకటే గోల.

నిజానికి ఆ సాఫ్ట్‌వేర్ కోణాన్ని ఎప్పుడూ గడియారం ముల్లుకి ఎదురు దిశలోనే కొలుస్తుంది. సెట్టింగ్ మారిస్తే 270 రాదు. మార్చడానికి చెయ్యి లేపి, మళ్లీ దించేశాను. "270 ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగాను. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఒకతి, "మనది లోపలుంది సార్, అది బయటిది కొలుస్తోంది, 360లోంచి 90 పోతే అంతే కదా" అంది. ఆ సెట్టింగ్ ఈ రోజుకీ మార్చలేదు.

ప్యానెల్‌తో అసలు చిక్కు దాని వేగం. y = x² + bx గ్రాఫు ఒక పరావలయం, గిన్నెలాంటి వంపు. b విలువ మారుస్తూ పోతే దాని శీర్షం, అంటే వంపు అడుగు బిందువు, ఏ దారిలో కదులుతుందో పది సెకన్లలో గీసి చూపిస్తుంది. చూపించాను కూడా, మొదటి సెక్షన్‌కి. "బాగుంది సార్" అన్నారు, అంతే. రెండో సెక్షన్‌లో తెర ఆపేసి, b కి -4, -2, 0, 2, 4 వేసి శీర్షాలు నోట్సులో గుర్తించమన్నాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఇద్దరు గుర్తులు తారుమారు చేశారు, ఒకడు స్కేలు తప్పు తీసుకున్నాడు. (2, -4), (1, -1), (0, 0)... చుక్కలు కలుపుతుంటే "తలకిందులుగా ఇంకో పరావలయం వస్తోంది సార్!" అని అరిచారు. అప్పుడు తెర వెలిగించాను. కాబట్టి నేను ఎక్కువగా వాడే బటన్ తెరని చీకటి చేసేదే. దాన్ని ప్యానెల్ ముందు కాకుండా రిమోట్‌లో పెట్టినవాళ్లు ఒక్క పీరియడైనా పాఠం చెప్పి ఉండరు.

ఇక రిపేరు కథ. ఈ ప్యానెల్‌లో టచ్ పనిచేసేది గాజుతో కాదు. అంచుల్లోంచి కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు అడ్డంగా, నిలువుగా జల్లెడలా పోతుంటాయి. వేలు అడ్డొచ్చిన చోట గీత పడుతుంది. చొక్కా చెయ్యి అంచు తగిలినా అడ్డే, చాక్‌పీసు పొడి పేరుకున్నా అడ్డే. పక్కనే నల్లబల్ల ఉంది కదా, మూడో నెలలో ఎవరూ ముట్టుకోకుండానే గీతలు పడటం మొదలైంది. "దయ్యం రాస్తోంది సార్" అని పిల్లలకి పండగ. సర్వీసుకి ఫోన్ చేసి, మనిషి వచ్చేదాకా తొమ్మిది రోజులు టెన్షన్ పడ్డాను. ఆయనొచ్చి పొడి గుడ్డతో అంచులు తుడిచి వెళ్లిపోయాడు. ఇప్పుడు సోమవారం సోమవారం ఆ పని లీడర్ చేస్తున్నాడు.

రాసిందంతా ఫైలుగా సేవ్ చేసి పంపే సదుపాయం మంచిదే అనుకున్నాను. రెండు వారాలకే సగం మంది పెన్నులు మూసేశారు. ఇప్పుడు ఆ రోజు బడికి రానివాళ్లకే పంపుతున్నాను. క్విజ్ ఆప్‌లో టైమర్ తీసేశాను, అది లెక్క వచ్చినవాణ్ణి కాదు, తొందరగా నొక్కినవాణ్ణి గెలిపిస్తోంది. ట్రైనింగ్ అని సగం పూట ఏ బటన్ ఎక్కడుందో చూపించారు. దానివల్ల నాకు ఒరిగింది లేదు.

అయిదుకి మూడున్నర ఇస్తాను. కొనేవాళ్లు కిటికీకి ఎదురు గోడ మీద మాత్రం పెట్టించకండి, మధ్యాహ్నం తెరలో పాఠానికి బదులు చెట్లు కనిపిస్తాయి. తెర మీద రాసే పెన్నులు, స్టైలస్‌లు, కూడా ఎక్కువ అడగండి. మాకు రెండే ఇచ్చారు, ఒకటి మొదటి నెలలోనే పోయింది. అయినా పిల్లలు వేలితోనే గీస్తున్నారు.