ఏడేళ్ళ రాచ్చిప్ప: స్టవ్ కట్టేశాకా ఉడికే పులుసు

బలపపు రాతి గిన్నె, అదే రాచ్చిప్పలో పులుసు రుచి గురించి అందరూ చెప్పేదే, నేను మళ్ళీ చెప్పను. నాకు దీని మీద ఇంత ఇష్టం ఒక్క గుణం వల్ల. ముక్కల పులుసు దించి గట్టు మీద పెట్టి, గిన్నెలు సర్దుకుని వచ్చి చూసినా నడిమధ్యన కుతకుతమంటూనే ఉంటుంది. ములక్కాడ ఇంకాస్త ఉడకాలి అనగానే స్టవ్ కట్టేస్తాను, మిగతాది రాయి చూసుకుంటుంది. ఏడేళ్ళైనా ఆ చప్పుడు వింటే నాకు సంబరమే.

వేడిని పోనిచ్చే లెక్కలో అల్యూమినియానిది 200 పైమాట, స్టీలుది 15 చిల్లర, ఈ బలపపు రాయిది పదిలోపే. అందుకే వేడెక్కడానికీ తొందరపడదు, వదలడానికీ తొందరపడదు. పైగా కిలోకి కిలో చూస్తే ఇనుము కంటే ఇంచుమించు రెండింతల వేడి దాచుకుంటుంది.

ఈ గుణమే నా మొదటి చిప్పను బలి తీసుకుంది. తిరునాళ్ళలో కొని, ఆముదం, పసుపు రాసి, వారం పాటు రోజూ వేడి గంజి పోసి పదును చేసుకున్న చిప్ప. "రాయికి కంగారు పనికిరాదే" అని అత్తయ్య చెబుతూనే ఉండేది. ఓ సాయంత్రం చుట్టాలొచ్చారు. మరుగుతున్న పప్పుచారు చిక్కబడిందని గ్లాసుడు చన్నీళ్ళు పోశాను. టప్పుమంది. అంచు నుంచి అడుగు దాకా వెంట్రుకంత గీత, అందులోంచి చారు ఊరి బర్నరు మీద చుయ్‌మంటూ పడింది. లోపలి వైపు చల్లబడి ముడుచుకుంది, బయటి వైపు ఇంకా కాలుతూనే ఉంది. ఆ తేడా సర్దుకునేంత వేగంగా రాతిలో వేడి నడవదు, లోహంలా సాగడమూ రాయికి తెలీదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

రెండో చిప్పకు ఆరేళ్ళు నిండాయి. పక్కనే వేణ్ణీళ్ళ గిన్నె లేకుండా పులుసు మొదలుపెట్టను. పోపు కూడా ఇనప గరిటెలో విడిగా వేస్తాను. రాతిలో ఆవాలు ఎంతకీ చిటపటలాడవు, చిటపటలాడాక మంట తగ్గించినా వేడి తగ్గదు, మెంతులు మాడి చేదెక్కుతాయి.

మధ్యాహ్నం వండితే రాత్రికీ వేడిగానే ఉంటుందని నేను చాలామందికి చెప్పాను. నిజానికి మూతపెడితే మా ఇంట్లో గంటన్నర, చలికాలం ఇంకా తక్కువ. గ్యాసు ఆదా అన్నదీ నిండా వండినప్పుడే. ఇద్దరికి సరిపడా కాస్త చారు పెట్టాలంటే రాయి వేడెక్కడానికే బోలెడంత మంట పోతుంది.

నాకు పొద్దున్న హడావుడి లేదు, గ్యాసు పొయ్యి ఉంది, బరువు ఎత్తే ఓపికా ఇంకా ఉంది. కాబట్టి నాకు బాగానే సరిపోయింది. బెంగళూరులో మా అమ్మాయి తనకూ ఒకటి కావాలంది. వాళ్ళది ఇండక్షన్ పొయ్యి, దాని మీద రాయి వేడెక్కదు. వద్దన్నాను.