పైపు గ్యాస్ సర్వీసు: లీకేజీకి పరుగున వస్తారు, మామూలు రిపేరుకే తిప్పలు

మా కాలనీలో పైపు గ్యాస్ కంపెనీ సర్వీసు గురించి ఎవరిని కదిపినా తిట్లే. నేను మాత్రం పూర్తిగా ఒప్పుకోను, ఎందుకంటే ఎమర్జెన్సీలో వాళ్ల పని నిజంగా బాగుంది. వంటింట్లో వాసన వస్తోందని ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి కస్టమర్ నంబరు కూడా అడక్కుండా ముందు మీటరు దగ్గర వాల్వు కట్టేయమంది, స్విచ్‌లు ముట్టుకోవద్దంది, కిటికీలతో పాటు పైనున్న వెంటిలేటర్ కూడా తెరవమంది (పైపులో వచ్చేది మీథేన్, గాలికన్నా తేలిక, సిలిండర్ గ్యాస్‌లా కింద పేరుకోదు). కాసేపటికే అబ్బాయి డిటెక్టర్‌తో వచ్చి, సబ్బు నీళ్లు రాసి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూసి, పొయ్యి వెనక రబ్బరు ట్యూబ్ మార్చి, మంట చూపించాకే వెళ్లాడు.

అదే కంపెనీకి మంట సన్నగా వస్తోందని చెప్పి చూడండి! "ఉదయం 10 నుంచి సాయంత్రం 6 లోపు వస్తారు" అంటారు, అంటే ఇంట్లో ఒకరు సెలవు పెట్టి కూర్చోవాలి. వచ్చినాయనకి కంప్లైంట్ ఏంటో తెలియదు, మళ్లీ మొదట్నుంచీ చెప్పాలి. "రెగ్యులేటర్ మార్చాలమ్మా, నా దగ్గర లేదు" అని వెళ్లిపోయాడు, సాయంత్రానికి పని పూర్తయిందని మెసేజ్!

ఆయన్ని తప్పుపట్టను. మధ్యలో లీకేజీ కాల్ వస్తే మన పని వదిలేసి వెళ్లాల్సిందే, అందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు, కానీ ఆ ముక్క ఫోన్ చేసి చెప్పాలి కదా. తప్పంతా ఆఫీసులో కూర్చుని మనుషుల్ని పంపేవాళ్లదే. ఒక్క బర్నరా, అన్నీనా, పక్క ఫ్లాట్లలో కూడా ఇంతేనా అని ఫోన్లోనే అడగొచ్చు. ఒక్కటే అయితే చాలావరకు పొయ్యిలోనే, నాజిల్ దగ్గరే లోపం. అన్నీ అయితే మన రెగ్యులేటరో వాల్వో చూడాలి. బిల్డింగ్ అంతా అయితే సమస్య బయటి లైనులో. అది రాసి పంపితే సరైన మనిషి సరైన స్పేర్‌తో వస్తాడు. ఇంకోటి, సిలిండర్ డెలివరీకి కోడ్ అడుగుతున్నారుగా, కంప్లైంట్ మూసేముందు కూడా అలాగే మన దగ్గర కోడ్ తీసుకోవాలి.

ఎమర్జెన్సీకి 5కి 5, రిపేర్లకి 2. కనెక్షన్ తీసుకోవచ్చు, కానీ ఎమర్జెన్సీ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి. సిలిండర్ వాడేవాళ్లకి లీకేజీ నంబరు 1906, రాత్రిపూట కూడా పనిచేస్తుంది.