ఆర్కే బీచ్‌లో గేలిక్ ఫుట్‌బాల్ క్లాసులు: నా అభిప్రాయం

ముందే చెప్పేస్తున్నా, పిల్లల్ని పంపండి. డబ్లిన్‌లో చాలా ఏళ్లు ఉద్యోగం చేసి వచ్చినాయన ఆదివారం పొద్దున్నే నేర్పిస్తున్నారు, మా వాడు వెళ్తున్నాడు, నాకు బాగా నచ్చింది.

ఇది ఐర్లండ్ వాళ్ల సొంత ఆట. జట్టుకి 15 మంది. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, కానీ పట్టుకుని నాలుగు అడుగులు దాటితే నేలకి కొట్టాలి లేదా కాలి కొసతో తన్ని మళ్లీ చేతికి తెచ్చుకోవాలి, నేలకి వరసగా రెండుసార్లు కొట్టకూడదు. గోల్‌కి 3 పాయింట్లు, గోల్ అడ్డకర్ర పైనుంచి పోతే మామూలుగా 1.

కోచ్ గారి పద్ధతంతా ఈ ఆటలో పేరుమోసిన ఐర్లండ్ ఆటగాడు, మేనేజర్ మిక్ ఓడ్వయర్‌ది. ఆయన 1936లో కెర్రీ కౌంటీలోని వాటర్‌విల్‌లో పుట్టారు, ఆ ఊళ్లోనే గ్యారేజీ, హోటల్ నడుపుతూ ఆడారు, ఎందుకంటే ఈ ఆటలో జీతాలుండవు, ఎంత పేరున్నవాళ్లయినా పొద్దున పనికెళ్లి సాయంత్రం ప్రాక్టీసుకి రావాల్సిందే. ఆటగాడిగా 4 ఆల్ ఐర్లండ్ టైటిళ్లు (కౌంటీ జట్ల మధ్య జరిగే దేశంలోనే పెద్ద పోటీ), కెర్రీ జట్టు మేనేజర్‌గా 1975 నుంచి 1986 లోపు ఇంకో 8. మైదానం ఈ కంచె నుంచి ఆ కంచె దాకా పరుగెత్తించడం ఆయన ట్రైనింగ్‌లో ముఖ్యం, ఇక్కడ అదే రెండు జెండాల మధ్య ఇసుకలో చేయిస్తారు, పిల్లలకి ఊపిరాడదు కానీ ఎవరూ మానట్లేదు.

ఓసారి మా వాళ్ల బ్యాచ్ చివరి నిమిషంలో ఓడిపోయి మొహాలు వేలాడేస్తే, కోచ్ గారు 1982 ఆల్ ఐర్లండ్ ఫైనల్ కథ చెప్పారు. అప్పటికి ఓడ్వయర్ కెర్రీ వరసగా నాలుగేళ్లు గెలిచింది, ఐదోది చేతికి వచ్చేసిందనుకుంటుంటే ఆఫలీ జట్టులో సబ్‌స్టిట్యూట్‌గా దిగిన షేమస్ డార్బీ ఆఖర్లో గోల్ కొట్టాడు, ఒక్క పాయింట్‌తో పోయింది. మా వాడు "తర్వాత ఓడ్వయర్ మానేశారా సర్?" అన్నాడు. "లేదురా, 84, 85, 86 మూడూ గెలిపించాడు" అన్నారు. అక్కడితో ఆగలేదు కూడా, ఎన్నో ఏళ్లుగా ఏమీ గెలవని కౌంటీలకి వెళ్లి 1998లో కిల్డేర్‌కి, 2003లో లీష్‌కి లెన్‌స్టర్ (ఐర్లండ్ తూర్పు ప్రాంతం) టైటిల్ తెచ్చిపెట్టారు. లీష్‌కి అది 1946 తర్వాత మొదటిది! నాకైతే ఆ 8 టైటిళ్ల కంటే ఇదే గొప్ప. 2025 ఏప్రిల్‌లో ఆయన పోయారు.

ఇబ్బందులూ ఉన్నాయి. పొడి ఇసుకలో బంతి ఎగరదు, నీళ్ల దగ్గర గట్టి ఇసుక కావాలి, పోటు ఎక్కువగా ఉన్నరోజు పాసులు, పరుగులే. అసలైన గేలిక్ బంతులు కొన్నే ఉన్నాయి, మిగతావాళ్లకి వాలీబాల్ ఇస్తారు, అది మరీ తేలిక, తన్నితే గాలికి పోతుంది. నీడ లేదు, ఎండెక్కితే టెన్షనే, మంచినీళ్లు, టోపీ మీరే పంపాలి. క్లాసు లేదన్న మెసేజ్ ఒక్కోసారి మనం బీచ్ రోడ్డు ఎక్కాక వస్తుంది, ఇది మాత్రం మారాలి. చిన్నపిల్లలకి వేరే బ్యాచ్ లేక, పెద్దవాళ్ల మధ్య వాళ్లకి బంతే దొరకట్లేదు. అడిగితే వచ్చే నెల నుంచి విడదీస్తామన్నారు.