పాత బొలెరో పికప్‌కి ఏ ఇంజిన్: డీఐనా, కామన్ రైలా?

పాత బొలెరో పికప్‌లో డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిల్) ఇంజిన్ పోయిందనుకోండి. విజయవాడ ఆటోనగర్‌లో తిరిగితే సెకండ్‌హ్యాండ్‌లో రెండు రకాలు ఎదురవుతాయి. ఒకటి అదే పాత డీఐ, రెండోది తర్వాత వచ్చిన, కంప్యూటర్ కంట్రోల్‌తో డీజిల్ కొట్టే కామన్ రైల్. రెండూ 2523 సీసీయే, పొరబడేది అక్కడే.

కామన్ రైల్‌ది మంచి లాగుడు, పొగ తక్కువ. కానీ ఇంజిన్ ఒక్కటే తెచ్చి దించితే స్టార్ట్ కాదు. ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), వైరింగ్, సెన్సర్లు, ఆఖరికి యాక్సిలరేటర్ పెడల్ కూడా ఆ ఇంజిన్ వచ్చిన బండివే కావాలి. క్రాంక్ సెన్సర్ వైరు ఒక్కటి తెగినా లోడుతో రోడ్డు మీద ఆగిపోవాల్సిందే.

డీఐకి ఆ టెన్షన్ లేదు. డీజిల్ పంపు మెకానికల్, ఊళ్లో మెకానిక్కే చూసుకుంటాడు. నా ఓటు దీనికే. కాకపోతే బాగా తిరిగిన ఇంజిన్లు కాబట్టి కళ్లముందు స్టార్ట్ చేయించి ఆయిల్ మూత తీయండి. గుప్పుగుప్పున పొగ తన్నితే పిస్టన్ రింగులు అరిగినట్టు. మూత లోపల మీగడలా తెల్లటి జిగురు కనిపిస్తే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయన్న అనుమానం. ఎంత తక్కువకిచ్చినా వదిలేయండి. ఇంజిన్‌ని బిగించే మౌంటింగులు, క్లచ్ కూర్చునే ఫ్లైవీల్ పాతవాటి పక్కన పెట్టి కొలుచుకోండి.

ఏది కొన్నా బిల్లు, ఆ ఇంజిన్ వచ్చిన బండి ఆర్‌సీ నకలు అడిగి తీసుకోండి. అవి లేకుండా మీ ఆర్‌సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కించుకోవడం కష్టం.