బ్రిస్టల్ నుంచి యార్క్‌కు: బర్మింగ్‌హామ్ మీదుగానా, లండన్ మీదుగానా?

ఇంగ్లండ్ నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగే క్రాస్ కంట్రీ రైలు మార్గం బ్రిస్టల్, బర్మింగ్‌హామ్, డర్బీ, షెఫీల్డ్, యార్క్ నగరాలను లండన్‌తో పని లేకుండా కలుపుతుంది. అయినా లండన్ మీదుగా వెళ్లడమే మేలేమోనన్న సందేహం ప్రయాణికులకు తరచూ కలుగుతుంది.

సమయం: రెండు దారుల్లోనూ సుమారు నాలుగు గంటలో, అంతకు కొంచెం ఎక్కువో పడుతుంది. లండన్ రైళ్లు వేగవంతమైనవే గానీ, లండన్‌లోని ప్యాడింగ్టన్ స్టేషన్‌లో దిగి, భూగర్భ రైలులో యార్క్ రైళ్లు బయలుదేరే కింగ్స్ క్రాస్ స్టేషన్ చేరడానికి పట్టే సమయం ఆ లాభాన్ని తినేస్తుంది.

ఖర్చు: లండన్ మీదుగా టికెట్ సాధారణంగా ఎక్కువే. బర్మింగ్‌హామ్ మీదుగా వెళ్లే నేరు రైలులో, అది ఆగే స్టేషన్ల వద్ద ప్రయాణాన్ని విడగొట్టి వేర్వేరు టికెట్లు కొనుక్కోవచ్చు. ఇది నిబంధనలకు లోబడినదే, చాలాసార్లు డబ్బు మిగులుతుంది.

శ్రమ: నేరు రైలులో ఒకసారి కూర్చుంటే మళ్లీ సామాను మోయనక్కర్లేదు. అయితే ఈ మార్గంలో తిరిగే డీజిల్ వాయేజర్ రైళ్లలో చాలావాటికి నాలుగైదు బోగీలే ఉంటాయి కనుక, సీటు రిజర్వు చేసుకోకుండా ఎక్కడాన్ని నేను సమర్థించలేను. లండన్ రైళ్లు పొడవైనవి, వాటిలో చోటు సులభంగా దొరుకుతుంది.

దారి: బ్రోమ్స్‌గ్రోవ్ దగ్గర దాదాపు 1:37.7 వాలుతో (ప్రతి 37.7 అడుగులకు ఒక అడుగు ఎత్తు) రెండు మైళ్లు ఎక్కే లిక్కీ అనే రైలు ఎత్తుదారి కోసమైనా ఈ మార్గాన్ని ఒకసారి చూడాలి.

వృద్ధులు, పిల్లలు, పెద్ద పెట్టెలు వెంట ఉంటే నేరు రైలే తగినది. లండన్‌లో పని ఉన్నవారికి, లేదా నేరు రైలులో సీటు దొరకనప్పుడు, రెండో దారి నయం.