నక్కలగుట్ట ఆఫీసులో అమెరికా టాక్స్: నాలుగు స్టార్లు

హనుమకొండ నక్కలగుట్టలో కింద మెడికల్ షాపు, పైన ఈ ఆఫీసు. బోర్డు మీద ఇన్‌కం టాక్స్, జీఎస్టీ అని తప్ప అమెరికా ఊసే ఉండదు. ఈసారి మేడారం జాతరకు వచ్చినప్పుడు మా మేనమామ చెబితే వెళ్లాను. నేనుండేది న్యూజెర్సీ ఎడిసన్‌లో, మా ఆయన ఉద్యోగం ఫ్లోరిడా టాంపాలో. ఫ్లోరిడాలో జీతం మీద స్టేట్ టాక్స్ లేదు.

ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వానికి వేసే రిటర్న్, ఇద్దరం కలిపి వేస్తేనే మాకు లాభం. తలనొప్పంతా స్టేట్‌తోనే. ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్‌లో వివరాలు కొడితే అది న్యూజెర్సీకి కూడా జాయింట్ పెట్టేసి, మా ఆయన జీతం అందులో కలిపి, అయిదు వేల డాలర్ల దాకా బాకీ చూపించింది. టాంపాలో సంపాదిస్తే ఎడిసన్‌లో కట్టడమేంటి?

ఇక్కడి సారు ముందు కంప్యూటర్ ముట్టుకోలేదు. మా ఇద్దరి డబ్ల్యూ-2లు (జీతం, కోసిన టాక్సు చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితాలు) పక్కపక్కన పరిచి 15, 16, 17 బాక్సుల చుట్టూ ఎర్ర పెన్నుతో గీశారు. మా ఆయన దాంట్లో స్టేట్ టాక్స్ గడి ఖాళీ. "బిడ్డా, అల్లుడు 2025 మొత్తం ఫ్లోరిడాలనే ఉన్నడా, నడుమల పోయిండా?" అని అడిగి, ఇంటి లీజు, డ్రైవింగ్ లైసెన్స్ తేదీలు కూడా చూశారు. ఆయన 2024లోనే మారారు, మా పని అక్కడే తేలికైంది. న్యూజెర్సీలో మామూలుగా ఫెడరల్‌లో పెట్టిన స్టేటసే పెట్టాలి. ఏడాది పొడవునా ఒకరు రెసిడెంట్, ఇంకొకరు నాన్‌రెసిడెంట్ అయితే మాత్రం విడిగా వేసుకోవచ్చు. కలిపి వేస్తే ఇద్దరూ అక్కడే ఉన్నట్టు లెక్కగట్టి మొత్తం ఆదాయం మీద పన్ను వేస్తారు.

విడిగా వేయడానికి పని ఎక్కువే. ఫెడరల్ కూడా విడిగా వేసినట్టు ఒక ఉత్తుత్తి రిటర్న్ తయారుచేసి, అందులోని నా అంకెలు న్యూజెర్సీ రిటర్న్ ఫారం ఎన్‌జె-1040లోకి ఎక్కించారు. ఐఆర్ఎస్‌కు (అమెరికా కేంద్ర పన్నుల శాఖకు) పోయింది జాయింటే. మా ఇద్దరి పేరు మీదున్న హనుమకొండ ఎఫ్‌డీ వడ్డీని చెరి సగం చేశారు. ఆ వడ్డీ అమెరికాలో చూపించాలంటే మా చుట్టాల్లో చాలామంది నవ్వుతారు, అది వేరే కథ.

పెన్సిల్వేనియాలో కొడుకూ కోడలూ ఉన్న ఒక పెద్దాయన పక్కనే కూర్చుని అంతా విన్నారు. వాళ్లకు ఈ తిప్పలు లేవట. ఫెడరల్ జాయింట్ వేసినా అక్కడ స్టేట్‌కు విడివిడిగా వేసుకోవచ్చు, ఎలా వేసినా రేటు 3.07 శాతమే.

ఫీజు ఆరు వేలు. రిటర్న్ కింద ప్రిపేరర్ గడిలో తన పీటిన్ నంబర్ (డబ్బు తీసుకుని రిటర్న్‌లు తయారుచేసేవాళ్లకు ఐఆర్ఎస్ ఇచ్చేది) వేసి సంతకం పెట్టారు. డబ్బు తీసుకుని, మనమే చేసుకున్నట్టు పంపేసే వాళ్లను చూశాను కాబట్టి ఇది నాకు పెద్ద విషయం.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, కాగితాలన్నీ వాట్సాప్‌లో పెట్టమంటారు. సోషల్ సెక్యూరిటీ నంబరున్నవి అలా ఎలా పెడతాం? పాస్‌వర్డ్ పెట్టి మెయిల్ చేస్తే, అక్కడి అబ్బాయి ఫోన్ చేసి ఆ పాస్‌వర్డ్ అందరికీ వినబడేలా చదివాడు. ఇక మార్చి వచ్చిందంటే ఇయర్ ఎండింగ్ హడావిడిలో ఫోనెత్తరు. రిటర్న్‌ను ఆన్‌లైన్‌లో పంపడానికి మేం ఒప్పుకుంటూ ఇచ్చే 8879 ఫారం సంతకానికి పంపడానికే వారం పట్టింది. వెళ్లేవాళ్లు ఫిబ్రవరిలోనే వెళ్లండి, లీజు కాపీ మర్చిపోకండి.