గ్యాలరీ గోడ మీద డిజిటల్ బొమ్మ: ప్రింటా, స్క్రీనా?

ట్యాబ్ మీద బొమ్మలు వేసేవాళ్లకు హైదరాబాద్‌లో గ్యాలరీ అవకాశం రాగానే పట్టుకునే టెన్షన్ ఇదే. ప్రింట్ తీసి ఫ్రేమ్ కట్టించాలా, గోడకు స్క్రీన్ బిగించాలా? నేను రెండూ చేసి చూశాను. బొమ్మ కదలనిదైతే ప్రింటే మేలంటాను.

"ఇందులో ఒరిజినల్ ఏది?" అని చూడటానికి వచ్చినవాళ్లు అడుగుతారు. దానికి జవాబు మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. మన తెలంగాణ చిత్రకారుడు కె. లక్ష్మా గౌడ్ గారి ఎచింగులు చూడండి. ఎచింగ్ అంటే లోహపు రేకు మీద గీసి, ఆ గీతల్ని యాసిడ్‌తో తినిపించి, ఇంకు పట్టించి కాగితం మీద అచ్చు తీయడం. గోడ మీదికి వచ్చేది రేకు కాదు, అచ్చు. ఎచింగుల కింద పెన్సిల్‌తో 3/20 అని ఉంటే, 20 అచ్చుల్లో అది మూడోది. వాటిని నకళ్లని ఎవరూ అనరు. మన ఫైల్ కూడా ఆ రేకు లాంటిదే. పది ప్రింట్లే తీస్తానని మాటిచ్చి, నంబరు వేసి, సంతకం పెట్టి ఇస్తే కొనేవారికి నమ్మకం కుదురుతుంది. పదకొండోది తీశామా, ఆ పదిమందినీ మోసం చేసినట్టే.

పేరుమోసిన బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ అంతటివాడు 2012లో లండన్ రాయల్ అకాడమీలో తన ఐప్యాడ్ బొమ్మల్ని కాగితం మీద పెద్దగా ప్రింట్ తీయించే గోడకెక్కించాడు.

అయితే ప్రింట్ తేలిక కాదు. నా మొదటి ప్రింటులో చార్మినార్ వెనక రాత్రి ఆకాశం బూడిద కలిపినట్టు వచ్చింది. ట్యాబ్‌లో అదే నీలం మెరిసిపోయేది. స్క్రీన్ తన వెలుగుతోనే రంగు చూపిస్తుంది, కాగితానికి బయటి వెలుగే ఆధారం. కొన్ని నీలాలు, ఆకుపచ్చలు ఇంకుకు అందవు. అందుకే ముందు చిన్న ముక్క ప్రింట్ తీయించి, గ్యాలరీ లైటు కింద పెట్టి చూసుకోవాలి. సైజు కూడా బొమ్మ మొదలుపెట్టేటప్పుడే తేల్చుకోవాలి. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 24×36 అంగుళాల ప్రింటుకు 7200×10800 పిక్సెళ్లు కావాలి. ఇన్‌స్టా కోసం 1080 పిక్సెళ్ల వెడల్పుతో వేసింది అదే లెక్కన నాలుగు అంగుళాలు కూడా రాదు. కాగితం యాసిడ్ లేని కాటన్‌ది, ఇంకు పిగ్మెంట్‌ది, అంటే త్వరగా వెలిసిపోని రంగుపొడితో చేసింది, అయి ఉండాలి. ఖర్చు ఎక్కువే, కానీ ఏళ్ల తరబడి ఒకరింట్లో ఉండబోయే బొమ్మకు ఇక్కడ పొదుపు చేయకండి.

యానిమేషన్‌కు, కోడ్‌తో క్షణక్షణం మారే బొమ్మలకు స్క్రీన్ తప్పదు. వాటిని ప్రింట్ తీస్తే ప్రాణం పోతుంది. కదలని బొమ్మల్ని మాత్రం ఒకే స్క్రీన్ మీద వరసగా తిప్పకండి. నేను అలాగే పెట్టాను. వచ్చినవాళ్లు మాల్‌లో యాడ్ అనుకుని నడిచి వెళ్లిపోయారు. ఒకమ్మాయికి ఒక బొమ్మ నచ్చి దగ్గరికి వచ్చేలోపు అది మారిపోయింది. ఆగి చూసే వీలే నేను ఆమెకు ఇవ్వలేదు.

మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ లాంటి పెద్ద హాలు దొరికితే నేను గోడల నిండా ప్రింట్లే పెడతాను, పక్కన ఒక్క చిన్న స్క్రీన్. ప్రొక్రియేట్ అనే బొమ్మలు వేసే యాప్‌లో బొమ్మ వేస్తుంటే గీత గీతా వీడియోగా రికార్డవుతుంది కదా, ఆ స్క్రీన్ మీద అది నడవాలి. "కంప్యూటరే వేసేసిందా?" అని పోయినసారి నన్నడిగిన ఒక పెద్దాయన అలాంటి వీడియోనే చివరిదాకా చూసి, మళ్లీ ప్రింటు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.